బానిస, బానిసగా ఉన్నాడు, బానిస అయి ఉన్నాడు

సందేహం: అమెరికన్ ప్రయోగ నవలాకారుడు విలియం బరోస్ మీద వ్యాసం రాస్తున్నాను. ‘అతడు హెరాయిన్‌కు బానిస అయి ఉన్నాడు’ అని రాస్తే, ఇది తెలుగు కాదన్నారు మిత్రులు. ‘బానిస’ దగ్గర ఆపేస్తే క్రియ లేని వాక్యం కుంటుపడదా? బరోస్ ఇంగ్లీషులోంచి ‘ఈజ్’ను తీసేయాలన్నాడు. తెలుగులో అది లేనే లేదు కదా, మరి ఆయన కోరుకున్న భాష మనదేనా?

సమాధానం: మీ మిత్రుల మాట నిజం. ‘ఆయన రచయిత’, ‘ఆమె డాక్టరు’ అనేవి తెలుగులో నిండు వాక్యాలు. క్రియ ఎక్కడో దాక్కుందని, దాన్ని బయటికి లాగాలని అనుకోనక్కర్లేదు. ‘అయి ఉండు’కు వేరే చోటుంది. ఊహించి చెప్పేటప్పుడు ‘అప్పటికే బానిస అయి ఉంటాడు’, ‘అయి ఉండవచ్చు’ అని ఇంట్లో కూడా అంటాం. పాత బైబిలు అనువాదంలోని ‘వాక్యము దేవుడై యుండెను’ వేరు. అక్కడ జరిగిపోయిన కాలం చెప్పాలి, క్రియ లేనిదే అది కుదరదు. ఆ గ్రంథభాషకు అది నప్పింది. ఈనాటి వ్యాసంలో ‘బానిస అయి ఉన్నాడు’ అనడానికి ఆ అవసరమూ లేదు, ఆ అందమూ లేదు.

ఇక ‘ఈజ్’ సంగతి. దాని మీద బరోస్‌కు అనుమానం పుట్టించినవాడు ఆల్‌ఫ్రెడ్ కోర్జిబ్‌స్కీ, మాటలు మన ఆలోచనను ఎలా దారి తప్పిస్తాయో చెప్పిన పండితుడు. 1939లో షికాగోలో ఆయన ఉపన్యాసాలకు పాతికేళ్ల బరోస్ వెళ్లాడు. మీరు కూర్చున్న వస్తువు ఏదైనా కావచ్చు గానీ ‘కుర్చీ’ అనే మాట మాత్రం కాదు అన్నది ఆయన బోధ. పేరుకూ వస్తువుకూ భేదం లేదనిపించేది ‘ఈజ్’ అని ఆయన వాదం. బరోస్ మీద ప్రభావాలు ఇంకా ఉన్నాయి: నవలాకారులు కాన్రాడ్, డెంటన్ వెల్చ్, జాక్ బ్లాక్ అనే దొంగ రాసుకున్న ఆత్మకథ. 1959లో చిత్రకారుడు బ్రయన్ గైసిన్ చూపిన కట్-అప్ సరేసరి. అచ్చయిన పేజీలను కత్తిరించి, ముక్కలు తారుమారు చేసి కొత్త వాక్యాలు పుట్టించే పద్ధతి అది. అయినా వాక్యాన్నే అనుమానించే చూపు ఆయనకు కోర్జిబ్‌స్కీ దగ్గరే అబ్బిందని నా నమ్మకం. మాట అనేది మనిషిలో చేరిన వైరస్ అన్న బరోస్ సిద్ధాంతం కూడా ఆ చూపుకు దూరమైనదేమీ కాదు.

తెలుగు ఆయన కోరుకున్న భాషేనా అంటే, కాదు. మనకు ‘ఈజ్’ లేదు గానీ అభేదం చెప్పడం ఉంది, ఇంకా గట్టిగా ఉంది. ‘నేను బానిసను, నువ్వు బానిసవు, మేము బానిసలం’ చూడండి. నేను, నువ్వు, మేము అనే పురుషభేదం వచ్చి నామానికే అతుక్కుంది. ‘కాదు’ అనగానే క్రియ బయటపడుతుంది కూడా. క్రియ కనబడనంత మాత్రాన పేరు పెట్టి ముద్ర వేసే గుణం పోదు.

దానికి విరుగుడు మన ‘గా’. ‘మా అన్నయ్య హెడ్‌మాస్టరు’ అంటే అతనెవరో చెప్పడం. ‘హెడ్‌మాస్టరుగా ఉన్నాడు’ అంటే ప్రస్తుతం ఆ పనిలో ఉన్నాడని. బరోస్ జీవితం రాయడానికి ఈ తేడా తప్పనిసరి. 1940ల నడిమి కాలంలో న్యూయార్కులో మార్ఫిన్, హెరాయిన్‌లకు బానిసయ్యాడు. 1953లో విలియం లీ అనే మారుపేరుతో వచ్చిన ‘జంకీ’ నవల ఆ బతుకు కథే. 1956లో లండన్‌లో డాక్టర్ జాన్ డెంట్ అపోమార్ఫిన్ అనే మందుతో ఆ వ్యసనానికి చికిత్స చేశాడు. ఆ మందును బరోస్ ఏళ్ల తరబడి పొగిడాడు. తర్వాత మళ్లీ జారాడు. చివరి ఏళ్లలో హెరాయిన్‌కు బదులుగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్ తీసుకుంటూ, 1997లో చనిపోయేదాకా దాని మీదే ఉన్నాడు. తన నవల ‘నేకెడ్ లంచ్’ ముందుమాటలో తన వ్యసనాన్ని ఆయన రోగమనే అన్నాడు. అందుకని ‘బానిసయ్యాడు’, ‘బానిసగా ఉన్న రోజుల్లో’ అని కాలం కట్టి రాయండి. ‘బరోస్ బానిస’ అంటే 83 ఏళ్లు బతికిన మనిషిని ఒక్క మాటలో కట్టేసినట్టు.

నమ్మకాలకూ ఇదే వర్తిస్తుంది. సైంటాలజీ అనే కొత్త మతం సంగతి రాస్తే ‘సైంటాలజిస్టు’ అని ముద్ర వేయకండి, ‘1960లలో కొన్నాళ్లు సైంటాలజీలో ఉన్నాడు, తర్వాత ఆ సంస్థను గట్టిగా విమర్శించాడు’ అనండి. మనోవిశ్లేషకుడు విల్‌హెల్మ్ రైఖ్ విశ్వమంతా నిండి ఉందని చెప్పిన ఆర్గోన్ శక్తి గురించి రాస్తే ‘ఉందని నమ్మాడు’ అనాలి. ‘అని’ విడిస్తే ఆ నమ్మకం మీదవుతుంది.

మీరు పంపిన పేరాలో నాకు మింగుడుపడని వాక్యం ఒకటుంది: ‘దుష్టశక్తి ఆవహించి భార్య మరణానికి కారకుడై ఉన్నాడు.’ ఇక్కడ ‘అని’ లేకపోవడం వ్యాకరణంతో పోయే తప్పు కాదు. 1951 సెప్టెంబరు 6న మెక్సికో సిటీలో, తాగిన మత్తులో, తనతో భార్యగా కలిసి బతుకుతున్న జోన్ వోల్మర్ తల మీద గ్లాసు పెట్టించి, దానికి గురిపెట్టి, ఆమెను కాల్చాడు. ఆమె చనిపోయింది. చేసింది ఆయన. దుష్టశక్తి సంగతి ఆయన తర్వాత నమ్మింది, 1985లో అచ్చయిన తన నవల ‘క్వీర్’ ముందుమాటలో రాసుకున్నది. రెండు వాక్యాలుగా విడగొట్టండి: ‘బరోస్ ఆమెను కాల్చి చంపాడు. తనను ఒక దుష్టశక్తి ఆవహించిందని ఆ తర్వాత నమ్మాడు.’