ముందు కాలువ గట్టుకు వెళ్లు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు అయిందనీ, పర్యావరణ కేసులే చేస్తాననీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మీ నాన్న బెంగ సంగతి నాకు వదిలెయ్యి, వాడికి నేను సర్దిచెబుతాను. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నవాడిని కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నాను.

ఊరివాళ్లు నీ దగ్గరకు వస్తే వెంటనే చట్టాల పుస్తకం తియ్యకు. వాళ్లతో కలిసి వెళ్లి, ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయని వాళ్లు చెప్పే కాలువ చూడు. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక రైతు తన బోరు నీళ్లు కూల్‌డ్రింకు సీసాలో పట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పసుపు రంగు నీళ్లు, అడుగున తుప్పులాంటి మడ్డి, మూత తీస్తే గదంతా ఘాటు. ఇంతకన్నా సాక్ష్యం ఏమి కావాలి అనుకుని ఆ సీసానే కోర్టుకు పట్టుకెళ్లాను. నీళ్లు ఎవరు పట్టారు, ఏ రోజు, ఎవరి ఎదుట, సీలు ఎక్కడ అని అవతలి న్యాయవాది అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పిటిషన్ కొట్టేశారు. ఆ రైతు నన్ను పల్లెత్తు మాట అనలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. తప్పు పూర్తిగా నాది.

1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ కంఠస్థం చెయ్యి. నీళ్ల నమూనా తీసేముందు పరిశ్రమకు నోటీసు ఇవ్వడం, ఆ నమూనాను రెండు భాగాలు చేయడం, సీలు, సంతకాలు అన్నీ అందులో ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నమూనా వాళ్ల చేతనే తీయించు. రాకపోతే, నువ్వు ఫిర్యాదు ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న ఆ రసీదు రేపు నీకు పనికొస్తుంది.

తేదీల విషయంలో ఎవరినీ నమ్మకు. పరిశ్రమకు ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద, ఇలాంటి కేసులే వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. అది దాటాక ఎంత న్యాయమైన కేసయినా తలుపు మూసుకున్నట్టే. అందుకే నీ పని అనుమతి రాకముందే, ప్రజాభిప్రాయ సేకరణ నాడే మొదలవ్వాలి. ఎండకు జనం లేచి వెళ్లిపోయినా నువ్వు కదలకు. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్నది, తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. ఒక ఆడమనిషి లేచి తన చెరువు గురించి చెప్పిన మాట అందులో లేకపోతే అక్కడికక్కడే రాయించు.

పిటిషన్ చివర ‘ప్రార్థన’ అని రాసే చోట కోర్టును ఏమి అడుగుతావన్నది అన్నిటికన్నా ముఖ్యం. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఊళ్ల నీళ్లు పాడైన కేసు 1990లో సుప్రీంకోర్టులో పడింది, 2001లో హైకోర్టుకు వచ్చింది, తర్వాత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. తుది తీర్పు కోసమే కూర్చుని ఉంటే ఆ ఊళ్లు ఏమయ్యేవి? మధ్యంతర ఉత్తర్వుల వల్లే మంచినీళ్లు వచ్చాయి, పంట నష్టానికి పరిహారం వచ్చింది. ఫ్యాక్టరీ మూయించడం తర్వాత. ముందు ఆ ఊరికి తాగే నీళ్లు అడుగు.

చదవవలసినవి చాలా ఉన్నాయి కానీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుతో మొదలుపెట్టు. హైదరాబాద్ దాహం తీర్చిన హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌లకు 10 కిలోమీటర్ల లోపు పరిశ్రమ పెట్టవచ్చా అన్నది అందులో ప్రశ్న. 1999లో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ జగన్నాధరావు రాసిన తీర్పు చూడు. హాని లేదని నిరూపించే భారం ఉన్నదాన్ని మార్చాలనుకునేవారిదే అన్నారు. నాకు ఎన్ని వాయిదాల్లో ఊపిరి పోసిందో ఆ తీర్పు!

వాతావరణ మార్పు కేసులు నీ తరానివి. 2024లో సుప్రీంకోర్టు ఆ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణను రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణాల కింద హక్కుగా గుర్తించింది. అయితే ఆ కేసులో ఒకవైపు తీగలకు తగిలి చనిపోతున్న అరుదైన బట్టమేక పక్షి, మరోవైపు సౌర విద్యుత్ మోసే ఆ తీగలు ఉన్నాయి. రెండూ మనకు కావలసినవే. అటువంటి చోట ఆవేశంతో వాదించకు, శాస్త్రవేత్తల దగ్గర కూర్చుని నేర్చుకో.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను ఎన్నడూ శత్రువులుగా చూడకు. వాళ్లూ ఆ బోరు నీళ్లే తాగుతున్నారు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. పాత ఫైళ్లన్నీ బీరువాలోంచి తీయించాను. కొట్టేసిన ఆ పిటిషన్ అన్నిటికన్నా పైన పెట్టాను. ముందు అది చదువు.

ఆశీస్సులతో,
పెదనాన్న