ఎదురింట్లో సున్నం పని: పక్కవాళ్లు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా పాత మండువా లోగిలిని బాగుచేయిస్తున్నారు. మూడు నెలలుగా వీధంతా సున్నం, దుమ్ము. సిమెంటు వాడితే ఎప్పుడో అయిపోయేదని మావాళ్లు అంటున్నారు. పైగా మా వరండా గోడలో సన్నటి బీట కనిపిస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెద్దాపురం

జవాబు: సిమెంటు కోసం మాత్రం పట్టుబట్టకండి. సున్నంతో కట్టిన గోడ నేల చెమ్మను పీల్చుకుని, పైపూతలోంచి బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ గట్టిపడుతుంది, అదీ చాలా నెమ్మదిగా. అందుకే ఒక్కో పూత సుమారు సెంటీమీటరు మందానికే ఆపి, తడి గోనెపట్టాలు కప్పి రోజుల తరబడి ఉంచుతారు. తొందరగా ఆరిపోతే సాలెగూడులా పగుళ్లొస్తాయి.

మీరు భయపడాల్సింది సున్నం గుంటకే. కాల్చిన సున్నపు గడ్డలు నీళ్లలో పడగానే సలసల కాగి చిమ్ముతాయి. గుంటకు కంచె, గట్టి మూత పెట్టమని ఇంటివాళ్లను, మేస్త్రీని ఇద్దరినీ అడగండి, మొహమాటపడకండి. పిల్లల కంట్లో పడితే నలపనివ్వొద్దు. రెప్పలు విప్పి పట్టుకుని, మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 20 నిమిషాలు కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. సున్నం క్షారం, కన్ను కాలుతుంది. విరుగుడంటూ నిమ్మరసం, నూనె లాంటివి వేయొద్దు.

దుమ్ము ఎక్కువగా లేచేది పాత గార చెక్కేటప్పుడు. ముందు గోడ తడపమనండి, పరంజాకు వల కట్టమనండి. బండిమీద పడినదాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్లు పోయండి.

ఇక బీట. ఇవాళే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత పెట్టి తేదీ వేయండి. మధ్యలో రంగు గీకేసి, బీటకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పలచని పట్టీ వేయండి. ఆరాక దానిమీదా తేదీ రాయండి. పట్టీ చిట్లినా, బీట పెన్సిలు గీత దాటినా అది ఇంకా పెరుగుతోందన్నమాట, ఇంజినీరుకు చూపించాలి. ఎదురింట్లో మీ వైపు పునాది తవ్వే పని ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే తవ్వకం మొదలుకాకముందే ఈ కొలతలన్నీ తీసి, ఇంటివాళ్లకు ఒక ప్రతి ఇచ్చి సంతకం తీసుకోండి.