ఆ ఆదివారం బీటిల్స్‌తో పాటు ఇంకెవరెవరు వచ్చారు?

ప్రశ్న: బీటిల్స్ అనే ఇంగ్లండ్ పాటల బృందం మొదటిసారి అమెరికా టీవీలో పాడిన వీడియో ముక్క ఒకటి మా అబ్బాయి చూపించాడు. హాల్లో అమ్మాయిలు ఒకటే కేకలు. ఆ గంటంతా వాళ్ల పాటలేనా? అప్పట్లో మన టీవీలో కూడా ఇలాంటివి వచ్చేవా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ, ఆ గంటలో వాళ్లు పాడింది ఐదు పాటలే. మొదట్లో మూడు, చివర్లో రెండు. మధ్యలో ఏం వచ్చిందో ఎవరూ అడగరు, మీరు అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది.

అది 1964 ఫిబ్రవరి 9, న్యూయార్క్‌లో సీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్ వాళ్ల ‘ఎడ్ సలివన్ షో’. సలివన్ పాటగాడూ కాదు, హాస్యనటుడూ కాదు, పత్రికలో కాలమ్ రాసే మనిషి, కానీ 1948 నుంచి 1971 దాకా ఆదివారం రాత్రి ఎనిమిదైతే జనాన్ని టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఇంటికి ఒకటే టీవీ, దేశం మొత్తానికి పెద్ద నెట్‌వర్కులు మూడే, కాబట్టి తాతకీ మనవడికీ ఇద్దరికీ నచ్చేది ఏదో ఒకటి ఆ గంటలో ఉండి తీరాలి. అందుకే పాట పక్కన గారడీ, దాని పక్కన నాటకం, ఆ తర్వాత మిమిక్రీ. ఆ రోజు చూసినవాళ్లు దాదాపు 7 కోట్ల 30 లక్షలని లెక్క. హాల్లో సీట్లు మాత్రం 728.

రెండో పాటలో ఒక్కొక్కరి ముఖం చూపిస్తూ కింద పేరు వేశారు. జాన్ లెనన్ పేరు కింద ‘సారీ అమ్మాయిలూ, ఈయనకి పెళ్లయింది’ అని కూడా వేశారు! ఆ కేకలు ఇంకా చెవుల్లో ఉండగానే ఫ్రెడ్ క్యాప్స్ అనే డచ్ మెజీషియన్ వచ్చాడు. పిడికిట్లో కాస్త ఉప్పు పోసుకుని వంచితే అది ధారగా పడుతూనే ఉంటుంది, ఆగదు, అంత ఉప్పు ఎక్కడిదో అర్థం కాక ఆయన కూడా కంగారు పడుతున్నట్టు ముఖం పెడతాడు. నాకైతే ఆ రాత్రి మొత్తంలో ఇదే గొప్ప ఐటమ్. తర్వాత ‘ఆలివర్’ నాటక బృందం పాడింది. అందులోని కుర్రాడు డేవీ జోన్స్ రెండేళ్లకి ‘మంకీస్’ బృందంతో తనే పెద్ద స్టార్ అయ్యాడు. ఫ్రాంక్ గోర్షిన్ సినిమా స్టార్ల గొంతులు అనుకరించాడు, టెస్సీ ఓషియా అనే వేల్స్ గాయని పాడింది, ఆఖర్న సర్కస్ ఫీట్లు.

పాపం అనిపించేది మిట్జీ మెకాల్, చార్లీ బ్రిల్ అనే హాస్య జంట గురించి. డ్రెస్ రిహార్సల్ అయ్యాక సలివన్ పిలిచి, హాలంతా చిన్నపిల్లలే ఉంటారు, మీ స్కెచ్ (చిన్న హాస్య నాటిక) వాళ్లకి ఎక్కదు, మార్చండి అన్నాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అవకాశం, చేతిలో ఉన్నదేమో కొద్ది టైమ్, ఎంత టెన్షన్ పడి ఉంటారో! హడావుడిగా కలిపి కుట్టిన ఆ స్కెచ్‌కి నవ్వులు సరిగా పడలేదు. బీటిల్స్ కోసం గొంతు చించుకుంటున్న పిల్లల ముందు ఎవరైనా ఏం చేయగలరండీ? వాళ్లలో ప్రతిభ లేదని మాత్రం ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక మన సంగతి. 1964లో మన దేశంలో టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే. అక్కడ 1959 సెప్టెంబర్ 15న ప్రయోగంగా మొదలైంది, రోజూ ప్రసారాలు వచ్చింది 1965లో. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న గానీ రాలేదు. కాబట్టి అరవైల్లో మన తెలుగిళ్లకి ఆ కలగూరగంప సాయంత్రాలు ఇచ్చింది రేడియోనే: వార్తలు, నాటకం, లలిత సంగీతం, రైతుల కార్యక్రమం, పిల్లలకి రేడియో అన్నయ్య, అక్కయ్యల ‘బాలానందం’.

బీటిల్స్ వచ్చిన సలివన్ షోలు ముక్కలుగా కాకుండా పూర్తిగా డీవీడీలుగా వచ్చాయి. దొరికితే మీ అబ్బాయితో కలిసి మొదటిది చూడండి. మెకాల్, బ్రిల్ వచ్చినప్పుడు మాత్రం దాటేయకండి.