బోరు బండి కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తమిళనాడులోని తిరుచెంగోడులో పాత బోరు బండి ఒకటి బేరానికి వచ్చిందనీ, దానిని తెచ్చి మన అనంతపురం వైపే బోర్లు వేయాలని నిశ్చయించుకున్నావనీ అక్క చెప్పింది. పాతికేళ్లకు పైగా ఆ దుమ్ములోనే బతికినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన నాలుగు ముక్కలు కాగితం మీద పెడుతున్నాను. బేరానికి వెళ్లేటప్పుడు దీనిని జేబులో పెట్టుకుని వెళ్లు.

పాత బండిని చూడబోయిన ప్రతివాడూ ముందు లారీ టైర్లు చూస్తాడు, తరువాత మాస్టు, అంటే రాడ్లను ఎత్తి దించే ఇనుప స్తంభం, చూస్తాడు, రంగు కొత్తగా ఉంటే సగం బేరం అక్కడే ఒప్పేసుకుంటాడు. మొదటిసారి నేనూ అదే చేశాను. నీవు మాత్రం నేరుగా కంప్రెసర్ దగ్గరకు, అంటే గాలిని ఒత్తి పంపే యంత్రం దగ్గరకు వెళ్లు. మన గట్టి రాతి నేలలో రాయిని పగలగొట్టేది గాలి. హ్యామర్, గాలిని కిందికి చేర్చే బోలు రాడ్ల చివర, రాయిని తాకే బిట్టును పట్టుకుని బోరు అడుగుకే దిగుతుంది; అందులోని పిస్టన్‌ను గాలి పైకీ కిందికీ ఆడించి బిట్టు తల మీద కొట్టిస్తుంది; ఆ పని ముగించుకున్న గాలే బిట్టు ముఖం నుంచి బయటపడి, రాడ్డుకూ బోరు గోడకూ మధ్యనున్న సందులోంచి రాతిపొడిని పైకి మోసుకొస్తుంది. పైనుంచి కొట్టే యంత్రాల్లో ప్రతి రాడ్డు అతుకు దగ్గరా దెబ్బ కొంత నీరసిస్తుంది గాని, ఇందులో దెబ్బ అడుగునే పడుతుంది కనుక, బోరులో నీరు లేనంతవరకు, వంద అడుగుల దగ్గరున్న బలం ఐదువందల అడుగుల దగ్గరా దాదాపు అలాగే ఉంటుంది. బండి చేసేది తిప్పడం, నొక్కడం, ఎత్తడం మాత్రమే.

గాలికి రెండు లెక్కలు ఉన్నాయి. సీఎఫ్‌ఎం అనేది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తుందన్న లెక్క, అది పొడిని మోస్తుంది. పీఎస్‌ఐ అనేది ఒత్తిడి, అది దెబ్బకు బలమిస్తుంది. పొడి నిలకడగా పైకి రావాలంటే సందులో గాలి సెకనుకు కనీసం 15 మీటర్ల వేగంతో లేవాలి, 20 ఉంటే నిశ్చింత. ఆరున్నర అంగుళాల బోరులో 89 మిల్లీమీటర్ల రాడ్డు వేసి 600 సీఎఫ్‌ఎం గాలి పంపితే ఆ వేగం 18 మీటర్ల పైచిలుకు వస్తుంది, అంటే సరిపోయీ సరిపోనట్టు. అదే కంప్రెసర్ అరిగిపోయి 450 మాత్రమే ఇస్తుంటే వేగం 14కు పడిపోతుంది. పొడి సగం దూరం లేచి మళ్లీ కిందపడుతుంది, బిట్టు కొత్త రాయిని వదిలి పాత పొడినే నూరుతూ అరిగిపోతుంది, చివరికి హ్యామర్ ఆ పొడిలోనే ఇరుక్కుంటుంది. అదే 600 గాలికి 114 మిల్లీమీటర్ల రాడ్డు వేస్తే సందు తగ్గి వేగం 25 దాటుతుంది. అయితే లావు రాడ్డు బరువు కూడా ఎక్కువే కాబట్టి, నీవు వేయదలచుకున్న లోతుకు ఆ రాడ్లన్నిటినీ మాస్టు ఎత్తగలదా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇక ఒత్తిడి సంగతి. దీనిని చాలామంది నష్టపోయాకే నేర్చుకుంటారు. బోరులో నిలిచిన ప్రతి వంద అడుగుల నీరూ దాదాపు 43 పీఎస్‌ఐ ఎదురొత్తిడి ఇస్తుంది. ఏడువందల అడుగుల బోరులో మూడువందల అడుగుల దగ్గర నీరు నిలిచిందనుకో, బిట్టు మీద నాలుగువందల అడుగుల నీరు ఉన్నట్టు, అంటే 170కి పైగా పీఎస్‌ఐ. గాలి పారుతున్నంతసేపు నీరు నురుగై తేలికపడుతుంది గాని, రాడ్డు మార్చడానికి గాలి ఆపి మళ్లీ వదిలినప్పుడు ఆ బరువంతా ఒకేసారి నెట్టాలి. 200 పీఎస్‌ఐ కంప్రెసర్‌కు అప్పుడు మిగిలేది ముప్పై కూడా కాదు, దానితో హ్యామర్ కదలదు. 350 పీఎస్‌ఐ ఉన్నదానికి ఇంకా సగం బలం మిగులుతుంది. అంటే చిన్న కంప్రెసర్ ఉన్నవాడు సరిగ్గా నీళ్లు పడిన చోటే చేతులెత్తేస్తాడు, కింద ఇంకో మంచి గ్యాపు, అంటే నీళ్లున్న రాతి పగులు, ఉన్నా రైతుకు అందదు. మన వైపు రైతులు వెయ్యి అడుగులైనా వేయమంటున్న రోజుల్లో 1100 సీఎఫ్‌ఎం, 350 పీఎస్‌ఐకి తగ్గింది తీసుకోవద్దని నా మాట. మూడువందల అడుగుల లోపు పనులే దొరికే చోటైతే ఇంత పెద్దది అక్కరలేదు, డీజిలు దండుగ.

కంప్రెసర్‌కు బిగించిన ప్లేటు మీది అంకెలు చూసి నమ్మవద్దు. బండి ఎక్కడైనా పనిలో ఉన్నప్పుడే వెళ్లి, ఐదువందల అడుగులు దాటేవరకు పక్కనే నిలబడి ఒత్తిడి చూపే గేజీ చూడు. రాడ్ల మరలు చేత్తో తడిమి చూడు. అరిగిన మర దగ్గర గాలి కారుతుంది, ఏదో ఒక రోజు రాడ్డు అక్కడే తెగుతుంది.

బిట్టు కొనేటప్పుడు దాని షాంకు, అంటే హ్యామర్‌లోకి దూరే తోక భాగం, నీ హ్యామర్‌కు సరిపోయే రకమో కాదో చూసుకుని, తరువాత రాయిని బట్టి ఎంచుకో. మన గ్రానైటు, నైసు, మధ్యలో వచ్చే పలుగురాయి, ఇవన్నీ గట్టివీ బిట్టును అరగదీసేవీ కాబట్టి, చదునైన ముఖం, దాని మీద పొదిగిన గట్టి లోహపు గుబ్బలు, అంటే బటన్లు, గుండ్రంగా ఉన్న బిట్టు నిలుస్తుంది. తాడిపత్రి దాటి సున్నపురాయిలోకి వెళితే కోసుగా ఉన్న బటన్లు వేగంగా దిగుతాయి. కాని అక్కడ భూమిలో బొరియలు ఉంటాయి, బేలం గుహలు ఏర్పడినది ఆ రాతిలోనే. హఠాత్తుగా పొడి రావడం ఆగితే గాలి బొరియలోకి పోతోందని గ్రహించి, నొక్కడం మానేసి రాడ్లు పైకి తియ్యి. బటన్ల మీద అరిగిన చదును, బటన్ వ్యాసంలో మూడో వంతుకు వచ్చేసరికి గ్రైండింగు చేయించాలి. అరిగిన బిట్టుతో సగం వేసిన బోరులో కొత్త బిట్టు ఎన్నడూ దించవద్దు. పాతది అరిగినకొద్దీ బోరు సన్నబడి ఉంటుంది కనుక కొత్తది మధ్యలో బిగుసుకుంటుంది. కదిరి దగ్గర ఒక తోటలో నేను ఈ తప్పు చేసి, మూడు రోజులు తంటాలు పడి, చివరికి హ్యామరూ బిట్టూ అక్కడే వదిలేసి వచ్చాను.

నడిపే పద్ధతి గురించి. పై మట్టీ మొరమూ దాటాక, బోరు గోడ కూలకుండా వేసే కేసింగు గొట్టాన్ని గట్టి రాతిలోకి కొన్ని అడుగులు దించి కూర్చోబెట్టు. లేకపోతే జారిన రాళ్లు హ్యామర్ వెనుక పడి దానిని పైకి రానివ్వవు. గట్టి రాయిలో ఆరున్నర బిట్టును నిమిషానికి 15 నుంచి 25 చుట్లకు మించి తిప్పవద్దు, అంచు బటన్లు ముందే పోతాయి. బిట్టు మీద పడే బరువు పద్నాలుగువందల నుంచి పదిహేనువందల కిలోల దగ్గర ఉంటే చాలు. లోతు పెరిగేకొద్దీ రాడ్ల బరువే అంతకు మించిపోతుంది కనుక, అప్పుడు నొక్కడం మాని పట్టి నిలపాలి. దీనిని చెవితోనే నేర్చుకోవాలి: బరువు తక్కువైతే హ్యామర్ ఎగిరెగిరి గలగలలాడుతుంది, ఎక్కువైతే తిరగడమే మొరాయిస్తుంది. పైకి వచ్చేది ముతక రవ్వలా ఉంటే పని బాగున్నట్టు, పిండిలా ఉంటే బిట్టునో గాలినో అనుమానించు. రాడ్డు కలిపే ముందు కొద్దిగా పైకి ఎత్తితే బిట్టు వేలాడి దెబ్బ ఆగుతుంది, గాలంతా ఊదడానికే పోతుంది. బోరు శుభ్రపడేవరకు అలా ఉంచు. బోరులో హ్యామర్ ఉండగా ఎదురు తిప్పితే మర ఊడి అడుగున ఉండిపోతుంది, ఈ ఒక్కటి కుర్రాళ్లకు రోజూ చెప్పు. హ్యామర్ నూనెకు వెయ్యి సీఎఫ్‌ఎంకు గంటకు ఒకటిన్నర లీటరు లెక్క. బిట్టు కింద అట్టముక్క పట్టి గాలి వదిలితే దాని మీద సన్నటి నూనె తడి కనబడాలి.

గ్రానైటు దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది, దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. నీళ్లు కలిపి డ్రిల్లు చేయించు, నోటికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. మాస్టు లేపే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడు. గాలి హోసుకు రెండు చివరలా సేఫ్టీ గొలుసు కట్టించు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి ఉందో లేదో రైతును అడగకుండా బండి దించవద్దు. నీళ్లు పడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చిన తరువాతే కదలాలి, పడిన బోరుకు కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి మూత బిగించాలి. పిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లోనే ఇవన్నీ తప్పనిసరి చేసింది. దీనికి డబ్బు ఎవరివ్వాలన్నది బేరంలోనే మాట్లాడుకో, నా రోజుల్లో మేము ఆ జాగ్రత్త పడలేదు.

నీకు చూపించబోయే కంప్రెసర్ ప్లేటు మీది అంకెలు, ఐదువందల అడుగుల దగ్గర గేజీలో కనబడిన ఒత్తిడి, రాడ్డు బయటి వ్యాసం, ఈ మూడూ రాసి పంపు. అవి చూశాక అడ్వాన్సు సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య