ఒంగోలు బస్సు మిమ్మల్ని చూసి ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మేడమ్, మాది కావలి. నాకు 33 ఏళ్ళు, ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. ఏడు నెలల క్రితం మా అక్క బావతో గొడవపడి ఆరేళ్ళ కొడుకుని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. బావ ఒంగోలు దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తాగుడు, కొట్టడం లేవు గానీ వాళ్ళమ్మ మాటే వేదం. పిల్లవాణ్ణి ఇక్కడే ఒకటో తరగతిలో చేర్చాం. నాలుగు నెలలుగా బళ్ళో నోరు విప్పడం లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. ఇంట్లో మాత్రం మాట్లాడతాడు. కుర్చీలు వరసగా వేసి, అన్నం పళ్ళెం స్టీరింగులా తిప్పుతూ "ఒంగోలు, ఒంగోలు" అని బస్సాట ఆడతాడు. నేను వస్తే ఆపేస్తాడు. పిల్లల డాక్టరు నెల్లూరులో సైకాలజిస్టు దగ్గరకు పంపితే ఆవిడ ప్లే థెరపీ అన్నారు. వారానికోసారి, 45 నిమిషాలు, 900 రూపాయలు. ముందు 12 సార్లు రమ్మన్నారు. ఆడించడానికి అంత డబ్బెందుకని నా భార్య అంటోంది. ఖర్చు నాదే, బావ దగ్గర పైసా వద్దు, ఆ ఇంటి పేరు మా గడపలో ఎత్తొద్దు అని చెప్పేశాను. పిల్లవాడికి ఫోన్ కూడా ఇవ్వనివ్వడం లేదు. ఈ థెరపీకి డబ్బు పెట్టడం దండగా? బిల్లులు దాచిపెడితే రేపు కోర్టులో బావ దగ్గర రాబట్టవచ్చా?

జవాబు: తమ్ముడూ, దండగ కాదు, మొదలుపెట్టండి. బిల్లుల సంగతి వకీలును అడగండి. బిడ్డను పోషించాల్సిన బాధ్యత తండ్రికి చట్టంలోనే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో అది 125 సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. మీరు అడిగిన రెంటికీ జవాబు ఇంతే.

నాకు ముల్లులా గుచ్చుకున్నది మీరు గర్వంగా రాసిన ఇంకో మాట. "ఆ ఇంటి పేరు మా గడపలో ఎత్తొద్దు." మీకది బావ ఇల్లు. పిల్లవాడికి మాత్రం ఏడు నెలల కిందటి దాకా పడుకుని లేచిన ఇల్లు. వాడి చెప్పులు, వాడి మంచం, వాళ్ళ నాన్న బండి అన్నీ అక్కడే ఉన్నాయి. వాటి గురించి నోరెత్తకూడదని ఆరేళ్ళవాడికి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళ మొహాలు చూసి నేర్చుకుంటాడు. మీరు రాగానే బస్సు ఆగిపోవడం అందుకే. మీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క మాటలో రాసి వదిలేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయి రెండుసార్లు చదివాను. వాడు రోజూ ఒంగోలు బయలుదేరుతున్నాడు, మీరు గదిలోకి రాగానే దిగిపోతున్నాడు.

బళ్ళో మాట రాకపోవడానికి కారణం ఇదొక్కటే అనడం లేదు. కొత్త ఊరు, కొత్త బడి, అమ్మ మొహంలో దిగులు, అన్నీ కలుస్తాయి. ఇంట్లో మాట్లాడుతూ బళ్ళో నెలల తరబడి మాట్లాడలేని పిల్లల విషయంలో సెలెక్టివ్ మ్యూటిజం అనే మాట వాడతారు. మీవాడిది అదేనా కాదా అన్నది చూసినావిడే చెప్పాలి. మొండితనం అని మాత్రం అనుకోవద్దు. అది భయం, గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. నిలబెట్టి అడగొద్దని, తల ఊపినా వేలు పెట్టి చూపించినా చాలనుకోమని టీచరుతో చెప్పండి. మానేసిన పక్క తడపడం మళ్ళీ వచ్చింది కాబట్టి పిల్లల డాక్టరు చేత మూత్రం, షుగరు పరీక్షలు ఒకసారి చేయించండి. వినికిడి కూడా చూపించండి. అవి బాగున్నాయని తెలిస్తే మిగతా పనికి మనసు కుదురుతుంది.

ఇక మీ భార్య అడిగింది. ఆమె తప్పుగా ఏమీ అడగలేదు. 12 సార్లకు ఫీజే 10,800, దాని మీద నెల్లూరుకు రానూపోనూ ఛార్జీలు. మీ ఇంటి డబ్బులో ఆమెకూ మాట ఉంది. కూర్చోబెట్టి లెక్క చెప్పండి, ఏం జరుగుతుందో కూడా చెప్పండి. ఆ గదిలో బొమ్మల కుటుంబం ఉంటుంది, ఇసుక, మట్టిముద్ద, రంగులు, బొమ్మ ఫోన్, డాక్టరు సెట్టు ఉంటాయి. పిల్లవాడు తనకు తోచింది ఆడతాడు. ఎదురుగా ఉన్న మనిషి ఆ ఆటను చూసే పద్ధతి చదువుకుని వచ్చిన మనిషి. "ఇలా కాదు, అలా ఆడు" అనరు. తనకు గానీ ఎదుటివాళ్ళకు గానీ దెబ్బ తగిలేలా చేస్తే మాత్రం ఆపుతారు. పెద్దవాళ్ళం మాటల్లో చెప్పుకునేది పిల్లలు బొమ్మలతో చెబుతారు. ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషనేమీ కాదు. లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరమ్మ 1920ల చివర్లోనే పిల్లలకు ఇసుక ట్రేలు, చిన్న చిన్న బొమ్మలు ఇచ్చి వాళ్ళ లోకం చూపించమంది. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లిన్ 1947లో ఈ పద్ధతి మీద పుస్తకమే రాసింది.

డబ్బు కట్టే ముందు ఆ నెల్లూరు సైకాలజిస్టు చదువు, పిల్లలతో చేసిన అనుభవం అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగడం అవమానించడం కాదు. 12కీ ఒకేసారి కట్టొద్దు. నాలుగైదు సార్లకోసారి పెద్దవాళ్ళతో విడిగా కూర్చుంటారా అని అడగండి, కూర్చోకపోతే ఇంకొకరిని చూసుకోండి. చేయి ఇరుకైతే ఆ మాట దాచుకోకుండా ఆవిడతోనే చెప్పండి. తల్లికే నేర్పించి, వారానికి అరగంట ఇంట్లో ప్రత్యేకంగా ఆడించే పద్ధతి 1960ల నుంచి ఉంది. మీ అక్కకు అది నేర్పిస్తారా అని అడగండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. మధ్యలో టెన్షన్ పడి మానేయొద్దు. మొదటి రెండు మూడు వారాలు వాడు ఏ బొమ్మా ముట్టుకోకపోవచ్చు, ఇంటికొచ్చి పేచీ పెట్టవచ్చు. అది చూసి "పని చేయలేదు" అని తేల్చేయకండి.

ఇంతా చేసి, ఆ 45 నిమిషాలు ఏ ఇంటి పేరైనా ఎత్తే స్వేచ్ఛ ఇచ్చి, ఇంటికి తీసుకొచ్చి మళ్ళీ నోరు కట్టేస్తే ఏం లాభం చెప్పండి?

మేనమామ అంటే మనలో చిన్న మాట కాదు. పుట్టువెంట్రుకలకు వాణ్ణి మీ ఒళ్ళోనే కూర్చోబెట్టి ఉంటారు. మీరు వాడికి అన్నం పెడుతున్నారు, బడికి పంపుతున్నారు, ఫీజు కట్టడానికి ముందుకొచ్చారు. అక్కడి దాకా మీకు నమస్కారం. కానీ తండ్రి కుర్చీ ఖాళీ చేయించి అందులో మీరు కూర్చోవడం మేనమామ పని కాదు. పైసా వద్దన్న మీరే బిల్లులు దాచుకుంటున్నారంటే ఆ డబ్బు వాడి కోసమా, బావను గెలవడానికా? నిజాయితీగా ఆలోచించండి. పెడితే మనసారా పెట్టండి, పద్దు రాయకండి. అక్క ముందు ఆ లెక్క ఎప్పుడూ ఎత్తకండి. పుట్టింట్లో తినే ప్రతి ముద్దా అప్పులా అనిపిస్తే ఆమె తల ఎత్తుకుని బతకలేదు. మీరు ఇంత రాశారు గానీ అందులో అక్క అన్న మాట ఒక్కటీ లేదు. ఫోన్ ఆపమని ఆమె చెప్పిందా? బిడ్డకు ఏం కావాలనుకుంటోంది? ముందు ఆమెను అడగండి. చిన్నదైనా ఏదో ఒక పని ఆమె చేతికి వచ్చేలా చూడండి. తన కొడుకు ఫీజులో వంద రూపాయలైనా తన సంపాదనలోంచి ఇవ్వగలిగితే ఆమె గొంతు వేరేగా పలుకుతుంది.

అక్క సరేనంటే బావకు ఫోన్ మీరే చేయండి, మధ్యవర్తులెవరూ వద్దు. బావ మనిషి మీద చేయి చేసుకునేవాడైతే ఈ సలహా నేను ఇచ్చేదాన్ని కాదు. మీరు స్పష్టంగా లేదన్నారు కాబట్టి చెబుతున్నాను. ఎవరిది తప్పు, వాళ్ళమ్మ ఏమంది అనేవి ఆ ఫోన్‌లో రాకూడదు. "బావా, వాడు బళ్ళో మాట్లాడటం లేదు. నెల్లూరులో చూపిస్తున్నాం. నువ్వు రోజూ సాయంత్రం ఏడింటికి వాడితో ఐదు నిమిషాలు మాట్లాడు. పెద్దవాళ్ళను పిలిచిన రోజు నువ్వూ రా." అంతే. ఆయన విసుక్కోవచ్చు, ఆటలకు డబ్బులా అనవచ్చు. మీ భార్యకు చెప్పిందే ఆయనకూ చెప్పండి. కావలి ఇటు ఒంగోలుకు, అటు నెల్లూరుకు దాదాపు నడుమ ఉంది, రావాలనుకుంటే ఆయనకు దూరం ఎక్కువేమీ కాదు. ఫీజులో సగం ఇస్తానంటే రోషానికి పోకుండా తీసుకోండి. కాపురం కలుస్తుందా లేదా అన్నది వాళ్ళిద్దరూ చూసుకుంటారు, దాన్ని దీనికి ముడిపెట్టకండి.

బయలుదేరే ముందు రోజు అక్క చేత వాడికి చెప్పించండి. "రేపు నెల్లూరులో ఒక ఆంటీ దగ్గరకు వెళ్తున్నాం. బొమ్మలుంటాయి. సూదులుండవు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేకపోతే లేదు." తిరిగొచ్చేటప్పుడు ఏం ఆడావు, ఆంటీ ఏమడిగింది అని తరచి తరచి అడగొద్దు. దారిలో ఆకలేస్తుంది, ఏదైనా తినిపించండి. ఇంటికొచ్చి కుర్చీలు వేసుకుంటే, వాడు ఒప్పుకుంటే, మీరు కూడా ఒక టికెట్టు అడగండి.