రాయాలనుకుంటున్న నా మేనకోడలికి

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "రాయాలని కూర్చుంటాను అత్తమ్మా, ఏమీ తోచదు" అన్నచోట మనసు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా నల్లగొండలో కథలు రాస్తున్నాను. ఏమీ తోచని రోజులు నాకూ బోలెడు వచ్చాయి. వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ రోజుల్లో నేను దేన్నీ సరిగ్గా చూడలేదని అర్థమవుతుంది.

మొదట్లో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద ఒక కథ రాశాను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమనీ, ఎముకలు బిగుసుకుపోతాయనీ, తెలిసిందంతా అందులో కుక్కాను. కథ తిరిగి వచ్చేసింది. చాలా బాధపడ్డాను. తరువాత అటు వెళ్లి, ఒక ఇంటి అరుగు మీద పొద్దు గూకేదాకా కూర్చున్నాను. ఆ ఇంటి అవ్వను మనుమడు వెనక నుంచి పిలిచాడు. ఆమె మెడ తిరగలేదు. కర్ర ఆనించుకుని, పాదాలు కొద్దికొద్దిగా జరుపుకుంటూ, ఒళ్లంతా వాడి వైపు తిప్పుకుంది. అప్పటికి వాడు వీధి మలుపు దాటిపోయాడు. ఇంటికి వచ్చి అదొక్కటే రాశాను. అంకెలన్నీ కొట్టేశాను. ఈసారి కథ అచ్చయింది.

అందుకే నీ సంచిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండాలి. దేవరకొండ బస్సులో బత్తాయి రైతులు ధర గురించి మాట్లాడుకుంటుంటే కిటికీలోంచి బయటికి చూడకు, చెవి అటు వెయ్యి. వాళ్ల మాట వాళ్ల నోట ఎలా వచ్చిందో అలాగే రాసుకో. రాత్రికి రాద్దామనుకుంటే భావం మిగులుతుంది కానీ మాట పోతుంది.

చదవడంలోనూ అదే పట్టు ఉండాలి. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారినే చూడు. పాత కావ్యాల్లో అందరూ రాజులనూ వర్ణనలనూ చూస్తే, ఆయన జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు ఏరారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అలా పుట్టింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. ఆ కావ్యాలు అంతకుముందు చదివినవాళ్లు తక్కువేమీ కాదు కదా!

ఇక అలవాటు సంగతి. నేను తెల్లవారుజామున అయిదింటికి, వాకిలి ఊడ్చకముందే కూర్చుంటాను. ఒకే చాప, ఒకే మూల. ఫోను వేరే గదిలో ఉంటుంది. అర పేజీ చాలు, అయితే రోజూ అర పేజీ. బాగా సాగుతున్నప్పుడే కలం పక్కన పెడతాను. తరువాత ఏం రాయాలో తెలిసి ఉంటే మర్నాడు కాగితం చూసి భయం వేయదు. పెళ్లిళ్లకు, జాతరలకు రెండు రోజులు తప్పితే బెంగపడకు, మూడో రోజు మాత్రం కూర్చో.

రాసింది పైకి చదువుకోవడం మరిచిపోకు. నాలుక తడబడినచోట వాక్యం వంకరగా ఉందన్నమాట. వారం పక్కన పెట్టి మళ్లీ చదివితే నీకు ముద్దొచ్చిన ఉపమానాలు సగం నువ్వే కొట్టేస్తావు. కొట్టెయ్యి, జాలిపడకు.

దసరాకు వస్తావు కదా, పానగల్లు వెళ్దాం. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. వచ్చినవాళ్లు చూసి, దండం పెట్టుకుని వెళ్లిపోతారు. మనం పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుందాం. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోందో, ఆ నీడ ఏ స్తంభానిదో నువ్వే వెతుకు. పుస్తకం తెచ్చుకో, సద్ది నేను కడతాను.

నీ మేనత్త