సెలవుల్లో పిల్లలకి పని చెప్పండి

నాలుగేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ 12 దాకా బడి ఉండదు. ఫోన్ ఇవ్వకుండా, పెద్దగా ఖర్చు లేకుండా ఎలా గడపాలి, సమ్మర్ క్యాంపులో వేయమంటారా అని అడిగారు.

మా ఇంట్లోనూ ఇంచుమించు ఆ వయసు పిల్లలే. ఉండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో. క్యాంపు వద్దనే చెప్తాను. ఆ డబ్బు పెట్టి కొనేది మళ్ళీ బడినే. ముందే కత్తిరించిన రంగు కాగితాలు చేతికిచ్చి అతికించమంటారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. పిల్లలకి అలాంటి ఉత్తుత్తి పని అక్కర్లేదు. పెద్దవాళ్ళు నిజంగా చేసే పనిలో చెయ్యి పెట్టనివ్వండి చాలు. ఎండాకాలంలో అలాంటి పనికి కొదవే లేదు.

పోయిన మే నెలలో మా మామయ్యగారు భీమవరం వైపు నుంచి వచ్చారు. సాయంత్రం అందరం కలిసి ముంజల కోసం వెళ్ళాం. మా రోడ్డు చివర ఒకాయన గెలలు కుప్ప పోసుకుని కూర్చుంటాడు. సిటీలో అందరూ తీసిపెట్టిన ముంజలే డజను లెక్కన కొనుక్కుపోతారు. మామయ్యగారు మాత్రం పైన చెక్కి కాయలే ఇమ్మన్నారు. చెక్కగానే మూడు కళ్ళు బయటపడ్డాయి. కంట్లోకి బొటనవేలు దింపి ముంజ లాగడం పిల్లలకి అక్కడే నేర్పించారు. మావాడు వేలు పెట్టగానే నీళ్ళు చిమ్మి మొహం మీద పడ్డాయి. ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత నాలుక చాపి చెంప నాకడానికి చూశాడు. చొక్కా మీద మరక ఇప్పటికీ పోలేదు. అందుకే ముంజలకి వెళ్ళేటప్పుడు పాత బట్టలు వేయండి. లేతవే ఏరి ఇమ్మనండి, ముదిరిన ముంజ తింటే చిన్నపిల్లలకి కడుపు నొప్పి వస్తుంది.

తినడం అయ్యాక మామయ్యగారు ఖాళీ కాయలు ఏరడం మొదలుపెట్టారు. "అవెందుకు సార్, పారేసేటియే గదా" అన్నాడు ఆయన. "బండి కట్టాలయ్యా" అన్నారు ఈయన. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. "మా నల్గొండల మేం గూడ మస్తు తోలినం సార్" అంటూ లేచి, గుట్టలో వెతికి ఒకే సైజు కాయలు రెండు తీసిచ్చాడు.

కరెంటు తీగలకి అడ్డమని కొట్టేసిన వేపకొమ్మలు మా గేటు పక్కనే పడి ఉన్నాయి. వాటిలోంచి మూరెడు పుల్ల ఒకటి, చివర పంగ ఉన్న పొడుగాటి కర్ర ఒకటి తెచ్చి సెల్లార్‌లో కూర్చున్నారు. పుల్లకి రెండు కొసలూ మొన తీసి చెరో కాయకి గుచ్చితే చక్రాలు తయారు. మధ్యలో పుల్ల మీద పంగ ఆనించి తోయడమే. చెక్కే పని తాతయ్యది, గుచ్చే పని మా పాపది, "తాతయ్యా, ఇటు వంకర" అని చెప్పే పని మావాడిది. తోయగానే ఒక చక్రం ఊడి దొర్లుకుంటూ పోయి కారు కిందికి దూరింది. అది బయటికి లాగేసరికి బ్లాకులో పిల్లలంతా చుట్టూ చేరారు. మా వాచ్‌మన్ కొడుకుకి తోలడం ముందే వచ్చు. స్తంభాల మధ్య మలుపు ఎలా తిప్పాలో అందరికీ వాడే చూపించాడు. చీకటి పడ్డా ఎవరూ పైకి రాలేదు.

పచ్చికాయ కదా, రెండు రోజులకే ఎండి ముడుచుకుపోయి చక్రాలు వదులయ్యాయి. మావాడు ఏడుస్తాడనుకున్నాను. "ముంజల తాత దగ్గరికి పోదాం పద" అన్నాడు, అంతే. కొన్న బొమ్మ విరిగితేనే పిల్లలు ఏడుస్తారు. చేసుకున్నది విరిగితే మళ్ళీ చేసుకుంటారు. రెండు వేలు పెట్టి కొన్న రిమోట్ కారు మా ఇంట్లో అల్మరా మీదే ఉంది, దాని వంక ఎవరూ చూడలేదు.

ఇంట్లో పనంటే వడియాలు. సగ్గుబియ్యం జావ కాచి, పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర కలిపి పొద్దున్నే పాత నూలుచీర మీద పెట్టేటప్పుడు చెంచా పిల్లల చేతికివ్వండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వస్తాయి, రానివ్వండి. కాకుల్ని తోలడం వాళ్ళ డ్యూటీ. సాయంత్రం చీర తిరగేసి వెనక నీళ్ళు చల్లి ఒక్కొక్కటీ ఒలుస్తుంటే, సగం ఎండినవి నోట్లోకే పోతాయి. ఆ రుచి వేయించిన వడియానికి కూడా రాదు.

కానీ దానికి డాబా కావాలి. మా అపార్ట్‌మెంట్‌లో డాబాకి తాళం వేసేశారు. ట్యాంకుల భద్రత అట! యాభై కుటుంబాలున్న చోట పిల్లలకి ఆకాశం కనిపించకుండా చేయడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. గొడవపడి మరీ తాళంచెవి తెచ్చుకున్నాం. మీరూ అడగండి, గట్టిగా అడగండి. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి చాప పరిచి ఉత్తరం వైపు తిరిగితే సప్తర్షి మండలం బాగా ఎత్తులో కనిపిస్తుంది. పాపకి ఏడు చుక్కలూ లెక్కపెట్టడం నేర్పండి. తోకలా కనిపించే మూడు చుక్కల్లో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, అరుంధతి దాని పక్కనే. సిటీ వెలుతురులో అరుంధతి దొరకడం కష్టం, ఊరెళ్ళినప్పుడు చూపించండి.

పదకొండు నుంచి నాలుగు దాకా మాత్రం బయటికి వదలకండి. ఆ వేళలో మజ్జిగ తాగి పడుకోవడమో, ఏమీ తోచక కాసేపు దొర్లడమో మంచిదే. ఆ కాసేపటికే టెన్షన్ పడి ఫోన్ చేతిలో పెట్టేయకండి.

ముంజల బండికి మాత్రం ఆలస్యం చేయకండి. జూన్ వచ్చేసరికి కాయలు ముదిరిపోతాయి, లేతవి దొరకవు. ఖాళీ కాయలకి ఎవరూ డబ్బులు అడగరు, నాలుగు ఎక్కువే తెచ్చుకోండి. పక్కింటి పిల్లలు తప్పకుండా వస్తారు.